ప్లగ్గులో పెట్టిన సోలార్

రిటైర్మెంటుకు ముందటి వేసవిలో నేను చర్ల వైపు కరెంటు శాఖ సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. ఒక మధ్యాహ్నం అడవి అంచు పల్లెలో మా లైన్‌మన్ వెంకన్నకు షాక్ కొట్టిందని ఫోన్ వచ్చింది.

వెంకన్న లైన్ క్లియర్ తీసుకునే, అంటే సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపించి వాళ్లిచ్చిన అనుమతి నంబరు రాసుకునే, స్తంభం ఎక్కాడు. ఒక ఇంటికి వెళ్లే పాత సర్వీసు వైరు విప్పి, కొసను పక్కకు కట్టబోతుంటే చేయి గుంజింది. నడుముకు బెల్టు ఉండబట్టి కింద పడలేదు. నేను వెళ్లేసరికి ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"లైన్ బందే ఉంది గద సార్. మరి నన్నేంది కొట్టింది?" అన్నాడు.

నాకూ అర్థం కాలేదు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే సరఫరా ఆపే ఉందన్నారు. అప్పుడు ఆ వైరు వెళ్లే ఇంట్లోంచి మోటారు కుట్టుమిషను చప్పుడు వినిపించింది. ఊరంతటా కరెంటు లేదు.

ఆ ఇల్లు సరోజనది. బడి పిల్లల యూనిఫాంలు కుడుతుంది. బయట జరిగింది ఆమెకు తెలియదు. రేకుల మీద ఒక సోలార్ పలక, దాని కింద చిన్న ఇన్వర్టర్ పెట్టె, పెట్టె వైరు గోడ ప్లగ్గులో. పలక కరెంటు ఇంటి వైరింగు గుండా మా సర్వీసు వైరులోకి వచ్చింది. సరైన పెట్టె అయితే మా సరఫరా ఆగగానే తానూ ఆగాలి. ఇది ఆగే రకం కాదు.

సంగతి వినగానే ఆమె ప్లగ్గు పీకేసింది. "ఇస్త్రీపెట్టె పెట్టనీకి మిమ్మల్ని అడుగలే సార్. గిది గూడ ప్లగ్గే గద అనుకున్న" అంది.

ఆఫీసులో నిబంధనలు తిరగేశాను. ఇంటి కప్పు సోలార్‌కు దరఖాస్తు, తనిఖీ, రెండు వైపులా లెక్కించే మీటరు అని ఉంది. ప్లగ్గులో పెట్టే పలక మాట ఎక్కడా దొరకలేదు. కరెంటు దొంగతనం అందామంటే ఆమె మా కరెంటు తీసుకోలేదు, ఇచ్చింది. పై అధికారిని అడిగితే నిబంధనల ప్రకారం చేయమని రాశారు. ఏ నిబంధనో రాయలేదు. సర్వీసు తీసేస్తే ఆమె పని ఆగుతుంది. వదిలేస్తే రేపు మరొకరు స్తంభం మీద ఉంటారు.

చివరికి వెంకన్ననే అడిగాను.

"కేసు రాస్తే ఆమెకు సమజయ్యేదేంది సార్? ఆ వైరు మన లైన్‌కు కలవకుంట చేయుర్రి" అన్నాడు.

పలకను ఇంటి వైరింగు నుంచి విడదీసి, మిషనుకు మాత్రమే కలిపించాను. మా లైనుతో కలవని సోలార్‌కు మా అనుమతి అక్కర్లేదు, అంతవరకు స్పష్టమే. మళ్లీ ప్లగ్గులో పెట్టనని ఆమె దగ్గర రాతపూర్వకంగా హామీ తీసుకున్నాను. కేసు రాయలేదు. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రిపోర్టులో మా పొరపాటు కూడా రాశాను. విప్పిన కొసను వెంకన్న టెస్టర్‌తో చూడలేదు. చూడాలని నేనెన్నడూ పట్టుబట్టలేదు. లైన్ క్లియర్ చెప్పేది సబ్‌స్టేషన్ వైపు సంగతే. ఇప్పుడు కరెంటు ఇళ్ల వైపు నుంచి కూడా వస్తుంది. ముట్టుకునే ముందు రెండు వైపులా చూడాలి.