పన్నెండుమంది మలయాళీ మహనీయులు, నాలుగు పేజీల ఫారం

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా పోయిన మరుసటి ఏడాది, మార్చి మొదటి సోమవారం నాడు, మెల్‌బోర్న్ పడమటి అంచున ట్రుగనీనా వైపు మా కౌన్సిల్ కొత్తగా కట్టిన కమ్యూనిటీ సెంటర్‌కు నన్ను ఎగ్జిబిషన్స్ ఆఫీసరుగా వేశారు. కౌన్సిల్ ఉద్యోగాలకు బ్యాండ్లు ఉంటాయి. ఒకటో బ్యాండు పార్కులో గడ్డి కోసేవారితో మొదలై, ఎనిమిదో బ్యాండు ఆ గడ్డి కోయాలా వద్దా అని ఆలోచించేవారితో ముగుస్తుంది. నాది ఆరు. అంటే గడ్డి కొయ్యను, దాని గురించి ఆలోచించను, రిపోర్టు మాత్రం రాస్తాను. యాభై ఆరేళ్ళకే స్వచ్ఛందంగా రిటైరై ఇంట్లో కూర్చున్నాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను: నా సర్వీసులో నేను రాసిన రిపోర్టులన్నీ పరిస్తే ఇక్కణ్ణుంచి తెనాలి దాకా చెప్పులు లేకుండా నడిచి వెళ్ళవచ్చు.

గ్యాలరీ అంటే గొప్పగా ఊహించుకోకండి. తొమ్మిది మీటర్ల తెల్లగోడ ఒకటి. దానికి ఒక పక్క పసిపిల్లలు ఆడుకునే గది, ఇంకో పక్క టాయిలెట్లు. ఆ గోడకు ఏది వేలాడినా దానికి జవాబుదారీ నాది.

మా మేనేజరు షారన్ మంచి మనిషి. ఇండియా మొత్తం ఒకే వీధిలో ఉంటుందని ఆమె నమ్మకం. “మలయాళీ కమ్యూనిటీ వాళ్ళు ఒక ఎగ్జిబిషన్ అడుగుతున్నారు. నువ్వు ఇండియన్‌వే కదా, నీకు ఈజీ” అని ఫైలు నా బల్ల మీద పెట్టింది. కేరళ గురించి నాకున్న జ్ఞానమంతా ఒక హౌస్‌బోటు, నాలుగు అరటికాయ చిప్స్ పొట్లాలు, మా ఆవిడ ఆపరేషనప్పుడు ఆమెకన్నా నన్నే ఎక్కువ కేకలేసిన ఇద్దరు నర్సులు. అయినా ఆరో బ్యాండువాడు ఎనిమిదో బ్యాండుకు కాదని చెప్పడు.

ప్రదర్శన పేరు ‘మలయాళ మహనీయులు’. రాజకీయం, సంఘ సంస్కరణ, కళలు, ఈ మూడు రంగాల నుంచి పన్నెండు చిత్రపటాలు. పన్నెండే ఎందుకంటే, అరమీటరు వెడల్పు ఫ్రేములు పన్నెండు, మధ్యమధ్య జానెడు ఖాళీ, మొత్తం తొమ్మిది మీటర్లు. కేరళ చరిత్రలో ఎందరు గొప్పవాళ్ళుండాలో ఆ విధంగా మా మేస్త్రీ నిర్ణయించేశాడు.

అడిగింది ఒక సమితి కాదు, రెండు. ఒకటి పాతది, ఇంకోటి దాన్నుంచి విడిపోయిన కొత్తది. పాత సమితి అధ్యక్షుడు కురియన్ గారు రిటైర్డ్ నర్సింగ్ మేనేజరు. మీటింగును వార్డు నడిపినట్టు నడుపుతారు, ఎవరైనా రెండు నిమిషాలు దాటి మాట్లాడితే నాడి చూసేట్టు చూస్తారు. కొత్త సమితి అధ్యక్షుడు శశిధరన్ ఐటీ మనిషి. తాగే కాఫీకి కూడా స్ప్రెడ్‌షీట్ ఉంటుంది. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి, కోపం వస్తే మలయాళంలోకి దిగేవారు. నాకు మలయాళం రాదు గానీ, ఆరు వారాల్లో మలయాళంలో కోపగించుకోవడం బాగా వచ్చేసింది.

ఆ మహనీయుల పేర్లు ఇక్కడ రాయను. రాస్తే ఏ క్రమంలో రాశానని ఫోన్లొస్తాయి. క్రమమే అసలు గొడవ. పుట్టిన తేదీ ప్రకారం పెడదామంటే ఒక సంస్కర్త పుట్టిన ఏడాది మీద రెండు సమితులకూ రెండు లెక్కలు. అక్షరక్రమం అంటే ఇంగ్లీషు అక్షరాలా, మలయాళం అక్షరాలా అని ఒక మీటింగు పూర్తిగా పోయింది. “సంస్కరణ లేకుండా రాజకీయం ఎక్కడిది సారే?” అని కురియన్ గారు. “రాజకీయం లేకపోతే మీ సంస్కరణకి చట్టం ఎవడు చేసేవాడు?” అని శశిధరన్. మధ్యలో ఒక కథకళి ఆశానును, అంటే గురువును, ఎటు జరపాలో తెలియక ఇద్దరూ టాయిలెట్ల వైపు జరిపారు, మళ్ళీ ఇద్దరూ అది అవమానమని లేచారు.

అందరినీ ఒకే ఎత్తులో పెడతామన్నాను. అది మా వృత్తి నియమం: ఫ్రేము నడిబొడ్డు నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉండాలి. సగటు మనిషి చూపు అక్కడికి ఆనుతుంది. “ముఖ్యమంత్రినీ, పాటగాణ్ణీ ఒకే ఎత్తులోనా?” అని శశిధరన్ సొంత టేపు తీశాడు. నేను గోడ మీద లేజరు గీత వేసి చూపిస్తే, ఆ లేజరు ఏ సమితి పక్షమో అన్నట్టు ఇద్దరూ దాన్ని అనుమానంగా చూశారు.

ఇలా ఏడు మీటింగులు. మొదటిదానికి నున్నగా గీసుకుని వెళ్ళినవాణ్ణి ఏడోదాన్నుంచి గడ్డంతో బయటికి వచ్చాను. ఇంట్లో ఈ సంగతులు చెప్పి నవ్వుతుంటే మా ఆవిడ, “మీరు నవ్వకండి. మన ఉగాది ఫ్లయర్ మీద ఎవరి ఫొటో ఫస్ట్ వెయ్యాలని మూడు నెలలు కొట్టుకోలేదూ? ఆ సబ్ కమిటీలో మీరూ ఉన్నారుగా!” అంది. వెంటనే నవ్వడం ఆపేశాను.

ఏడో మీటింగు ముగిసేసరికి పదకొండుమంది ఖాయమయ్యారు. పన్నెండో చోటికి చెరొక మనిషిని పట్టుకుని కూర్చున్నారు, కదలరు. సరిగ్గా అప్పుడు అమ్మిణి టీచర్ వచ్చింది. ఎనభై రెండేళ్ళ మనిషి, తెల్ల అంచు చీర, కాళ్ళకు స్పోర్ట్స్ షూలు. చేతిలో దిండు గలేబు, అందులో ఒక పాత ఫొటో. “చెప్పండి ఆంటీ” అన్నాను, ఇక్కడ అందరినీ అనేట్టే.

“ఆంటీ కాదు, టీచర్. ముప్పై ఆరేళ్ళు హైస్కూల్లో పనిచేశాను” అని సరిదిద్ది, కుర్చీ నేనివ్వకుండానే కూర్చుంది.

ఫొటోలో ఉన్నది ఆమె తల్లి జానకి. అలప్పుళ వైపు ఒక పల్లె. కొబ్బరి పీచు కొట్టే ఆడవాళ్ళు మధ్యాహ్నం గంజి తాగే అరగంటలో వాళ్ళకు చదువు చెప్పిందట, ఇరవై ఏళ్ళపాటు. తమ కులంవాళ్ళు నడవకూడదన్న రోడ్డు మీద పలకలు చంకన పెట్టుకుని నడిచిందట. దెబ్బలు తిన్నదట. తర్వాత అక్కడ బడి కట్టారు, బోర్డు మీద స్థలమిచ్చినవాళ్ళ పేరు, ప్రారంభించిన మంత్రి పేరు వేశారు.

“అమ్మ పేరు ఏ గోడ మీదా లేదు, మోనే” అంది టీచర్. మోనే అంటే నాయనా అని. “నేను బతికుండగా ఒక్క గోడ మీద చూడాలి. ఇక్కడైనా సరే.”

మా నియమం ప్రకారం ఆ ప్రాంతంలో ఉండేవారెవరైనా వస్తువు ప్రతిపాదించవచ్చు. ఒప్పుకోవడం ఆఫీసరు ఇష్టం. ఒప్పుకున్నాను. అవతలివాడి మనిషి రాకపోతే చాలనుకుని రెండు సమితులూ ‘ప్రస్తుతానికి’ అని ఊరుకున్నాయి.

ఇక్కడ ఫారం గురించి చెప్పాలి. అరువుకు తెచ్చిన ఏ వస్తువుకైనా నాలుగు పేజీల ఒప్పందం ఉంటుంది: వస్తువు ఎవరిది, ఫొటో అయితే తీసిందెవరు, ప్రదర్శించే హక్కు ఎవరిచ్చారు, ఎప్పుడు తిరిగివ్వాలి. టీచర్ ఆ ఫారాన్ని ఒక్క సాయంత్రంలో నింపి తెచ్చింది. ఫొటో తీసింది ఆమె తండ్రి, కెమెరా పీచు కంపెనీ గుమాస్తాది, వారసురాలు తనొక్కతే. మా ఫారంలో రెండు తప్పులు కూడా ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చింది. నేను ఫొటో స్థితి నమోదు చేశాను: కుడి మూల మడత, ఎడమ అంచున చెద కొరికిన గుర్తు. ఇద్దరం సంతకాలు పెట్టాం.

సమితుల ఫారాలు రాలేదు. మెయిల్ మీద మెయిల్ పంపాను. ‘విల్ డూ సర్’ అని జవాబులు వచ్చాయి, ఫారాలు కాదు. నేనూ మీటింగుల మినిట్స్ రాసుకుంటూ ఉండిపోయాను.

శుక్రవారం సాయంత్రం ప్రారంభం. బుధవారం పటాలు వచ్చాయి. మొదటిది విప్పాను. ఒక మహా సంస్కర్త నుదుటి మీద అడ్డంగా, విభూతి రేఖలాగా, ఫొటోలు అమ్మే వెబ్‌సైటు ముద్ర! ఇంకొకాయన ముఖాన్ని ఎంత సాగదీసి ప్రింటు చేయించారంటే దగ్గర్నుంచి చూస్తే ఆయన కాదు, బాత్రూం టైల్స్ కనిపిస్తున్నాయి. ఎక్కడివి ఇవి అని అడిగాను.

“ఎక్కడివేంటి సారే, గూగుల్లోవి” అన్నారు కురియన్ గారు. ఈ ఒక్క విషయంలో శశిధరన్‌కు కూడా అభ్యంతరం లేదు.

ఫొటోగ్రాఫరు అనుమతి ఏదన్నాను. “ఆయన మా ముఖ్యమంత్రి. ప్రజల మనిషి. ఆయన ఫొటోకి అనుమతేంటి?”

“ఆయన ప్రజల మనిషే సార్. ఫొటో తీసినవాడు ప్రైవేటు మనిషి.”

షారన్‌కు ఫోన్ చేస్తే నాలుగే మాటలు అంది: ఫారం లేదు, గోడ లేదు. పదకొండుమంది మహనీయులనూ మళ్ళీ బబుల్ ర్యాపులో చుట్టాను. ఫారం ఉన్న జానకి ఫొటో ఒక్కదాన్నే గోడ నడుమ వేలాడదీశాను.

గంట తిరక్కుండా ఎన్నడూ జరగని అద్భుతం జరిగింది. ఏడు మీటింగుల్లో ఒక్క కామా మీద కూడా ఏకం కాని రెండు సమితులూ ఏకమయ్యాయి. మా పదకొండుమంది లేకుండా ఆవిడొక్కతేనా? పెద్దవాళ్ళని పక్కనబెట్టి ఎవరికీ తెలియని మనిషిని పెడితే కేరళ పరువేం కావాలి? తీసెయ్యమన్నారు. ఒప్పందం ప్రకారం సొంతదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే తీస్తానన్నాను. ఇద్దరూ నేరుగా టీచర్ దగ్గరికి వెళ్ళారు. ఆమె ఆ గోడకెదురుగానే కుర్చీ వేసుకుని, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“టీచర్, సమాజం పరువు” అని మొదలెట్టారు కురియన్ గారు.

“ఒక ఫారం నింపడం రాలేదా కురియా నీకు?” అంది ఆమె. శశిధరన్ నవ్వబోయాడు. “నువ్వు నవ్వకు. నీ స్ప్రెడ్‌షీట్‌లో దానికి గడి లేదా?” ఇద్దరూ తలలు దించారు. అప్పుడు ఆమె, “సరే, కారణం రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి తీసుకురండి. సబబుగా ఉంటే నేనూ పెడతాను” అంది.

వాళ్ళు అటు వెళ్ళగానే నా వైపు తిరిగింది. “బాగా రాసి తెస్తే పెట్టేస్తాను, మోనే. సమాజం అంటున్నారు కదా. అమ్మ ఎవరికీ అడ్డం వచ్చిన మనిషి కాదు.” ఆమె చెయ్యి పెన్ను మూతను తీస్తోంది, పెడుతోంది. సంతకం పెట్టొద్దని చెప్పాలని నా నాలుక దురద పెట్టింది. కానీ సొంతదారుకు ఆఫీసరు సలహా ఇవ్వకూడదు, అది కూడా నియమమే. నా సర్వీసు మొత్తంలో నియమాన్ని బూతులు తిట్టుకున్నది ఆ ఒక్క మధ్యాహ్నమే.

ఉత్తరం రాయడానికి ఇద్దరు అధ్యక్షులూ పక్కనున్న పసిపిల్లల గదిలో, జానెడు ఎత్తు కుర్చీల్లో, మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు. విషయం రెండు వాక్యాలు. అరగంటలో అయిపోవాలి. గంట తర్వాత తలుపు సందులోంచి గట్టిగా మలయాళం వినిపించింది. వెళ్ళి చూస్తే విషయం అయిపోయింది, సంతకాల దగ్గర ఆగింది. పాత సమితి పేరు పైన ఉండాలా, కొత్తదా? పక్కపక్కనే పెట్టుకోమన్నాను. ఎడమ పక్క ఎవరని అడిగారు. రెండు ఉత్తరాలు రాసుకోమన్నాను. ముందు ఎవరిది ఇవ్వాలని అడిగారు. సాయంత్రం ఐదైంది, సెంటర్ మూసే వేళ. మర్నాడూ అదే గది, అవే కుర్చీలు. ఉత్తరం గదిలోంచి బయటికి రాలేదు. టీచర్ రెండు రోజులూ పెన్ను పట్టుకుని కూర్చుంది.

శుక్రవారం షారన్ వచ్చి, తొమ్మిది మీటర్ల గోడ నడుమ పలకంత ఫొటో ఒక్కటే చూసింది. “గోడ మీద ఏదో ఒకటి ఉంది కదా మేట్, తెరిచెయ్” అంది.

జనం బాగానే వచ్చారు. ఉన్నది ఒక్క ఫొటో కాబట్టి అందరూ దాన్నే చూశారు, ఎవరీమె అని అడిగారు. టీచర్ రెండు గంటలు నిలబడి చెప్పింది, మధ్యలో గోడకు ఆనుకున్నవాళ్ళను అదిలించింది కూడా. తర్వాత ఉపన్యాసాలు. మరుగునపడిన ఈ మహనీయురాలిని వెలికితీసింది తమ సమితేనని కురియన్ గారు చెప్పారు. అసలు ప్రతిపాదన తమదని శశిధరన్ చెప్పాడు. నేను చేతిలోని సమోసాను పిండి చేసేశాను. టీచర్ నా పక్కకు వంగి, “ఊరుకో మోనే. ఇద్దరూ అమ్మ పేరు మైకులో చెప్పారు” అంది.

ఫొటో ఆరు వారాలు ఉంది. దించేటప్పుడు కొత్త మడత ఏదీ లేదని ఇద్దరం సంతకాలు పెట్టాం.

ఎవరు గొప్పవాళ్ళన్న ప్రశ్నకు నా ఉద్యోగంలో ఉన్నవాడి దగ్గర జవాబుండదు. ఫొటో ఎవరు తీశారు, ఎవరిది, ఎప్పుడు తిరిగివ్వాలి అన్న మూడింటికే ఉంటుంది. ఆ మూడూ మొదటి రోజే అడిగి తీరాలి. జవాబులు చేతికి రాకుండానే ఏడు మీటింగులు జరగనిచ్చింది నేను. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఫారం చేతికి రాకుండా ఎవరికీ కుర్చీ చూపించలేదు. జానకి అన్న మనిషి ఆ గోడ మీదికి వచ్చింది నా పొరపాటు వల్ల, వాళ్ళ పంతం వల్ల. దాన్ని ఒక పద్ధతిగా మాత్రం ఎవరికీ సిఫారసు చెయ్యను.