కంకర రోడ్డు మీద పందెం

ఆ ఏడు ఎమ్మిగనూరు జాతరలో ఖాళీ బండ్ల పందెంలో నా జత ఓడిపోయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులవి. నాకప్పుడు ఇరవై దాటి కొన్నేళ్లే. పెద్దకడుబూరు దగ్గర మా ఊళ్లో మాకు నల్లరేగడి చేలు, దొడ్డినిండా ఎద్దులు ఉండేవి. ఓడిపోవడం నాకు అలవాటు లేదు. ఊళ్లో నాతో పందెం కట్టేవాళ్లంతా మా చేలో పనికి వచ్చేవాళ్లే. వాళ్లు నన్ను గెలవనిచ్చేవాళ్లని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నన్ను ఓడించినవాడు కౌతాళం వైపు మనిషి. నాకంటే వయసులో పెద్ద. భూమి లేదు. ఉన్నదంతా ఒక బండి, ఒక జత ఎద్దులు. పత్తి కాలమంతా భార్యతో ఆదోనిలోనే గుడిసె వేసుకుని ఉండి, ఒక జిన్నింగు మిల్లు నుంచి రైలు స్టేషనులోని గూడ్సు షెడ్డుకు దూది బేళ్లు తోలేవాడు. ఆ బాడుగతోనే ఏడాదంతా గడవాలి. ఎద్దులతో మాత్రం కన్నడంలో మాట్లాడేవాడు. పందెంలో కూడా కర్ర ఎత్తలేదు. బండి మీద ముందుకు వంగి "బారప్పా, బారో" అంటూ కూర్చున్నాడు, అంతే. అవి వచ్చేశాయి. నేను తోక మెలిపెట్టాను, కొరికాను, బూతులు తిట్టాను. నావి వెనకే ఉండిపోయాయి.

పందెం అయ్యాక మావాడొకడు వచ్చి నా చెవిలో చెప్పాడు.

"సూసినావా అన్నా? వాని ఎద్దులకు లాడాలు లేవు. మెత్తని నేల కదా అని పీకించుకోని వచ్చినాడు. మనవి ఇనుము మోసుకోని ఉరికినాయి."

వెళ్లి చూశాను. నిజమే. గిట్టల అంచుల్లో మేకులు పీకిన చిల్లులు ఇంకా పచ్చిగా ఉన్నాయి. తెలివైనవాడు అనుకుని ఊరుకోవలసింది. నేను ఆ చిల్లులను గుర్తుపెట్టుకున్నాను.

జాతర మైదానం సంగతి ఒక మాట చెప్పాలి. అక్కడ రెండు వైపులా మోకులు కడతారు. జనం వాటి అవతలే ఉండాలి. పందెం మొదలయ్యే ముందు పెద్దమనుషులు ప్రతి కర్రనూ చేత్తో తడిమి, కొసన మేకు ఉంటే విరిచి పారేస్తారు. ఎదురుగా ఏ బండీ రాదు. గీత దాటాక చాలా దూరం నేల లోతుగా దున్ని ఉంచుతారు. ఎంత వేగంతో వచ్చిన ఎద్దులైనా ఆ మెత్తని మట్టిలో కాళ్లు దిగబడి వాటంతటవే నిలబడతాయి. అక్కడ ఓడినవాడికి ముఖం చెల్లదు, అంతకు మించి ఏమీ పోదు. రోడ్డుకు ఇవేవీ లేవు. అది నాకు తెలియక కాదు. తెలిసే దాన్ని ఎంచుకున్నాను.

మర్నాడు తిరుగు ప్రయాణంలో, ఆదోనిలో పని చూసుకుని పోదామని అటు వస్తూ, ఊరు ఇంకో రెండు మైళ్లుందనగా, రోడ్డు పక్క కాఫీ హోటలు దగ్గర మా బండ్లు ఆగాయి. కాసేపటికి అతనూ వచ్చాడు. భార్యను బండిలో కూర్చోబెట్టి, తను దిగి నడుస్తూ, ఎద్దులను రోడ్డు అంచున మట్టి మీద మెల్లగా నడిపించుకుంటూ వస్తున్నాడు. అక్కణ్ణించి ఊరిదాకా ఆ మట్టి అంచు లేదు. మరమ్మతు కోసం రెండు వైపులా కంకర కుప్పలు పోసి ఉన్నాయి. నడుమ రోడ్డంతా పదునుగా లేచిన రాళ్లు.

"ఏమప్పా, జాతరలో గెలిచిన మొగోడు ఎద్దుల్ని పెండ్లికూతుర్ని తోలుకొచ్చినట్ల తోలుకొస్తాండాడే!" అన్నాను. మావాళ్లు పెద్దగా నవ్వారు.

అతనూ నవ్వాడు. "కాళ్లకు లాడాలు లేవు కదప్పా. రేపు ఆదోనిలో కొట్టిస్తాను. దాంకా ఇంతే."

"లాడాలు లేకుంటేనే కదా నిన్న ఉరికింది? ఈడ నుంచి మిల్లు గేటు దాంకా పందెం. రా."

"వద్దప్పా. ఎల్లుండి నుంచి బేళ్లు తోలాల. రోడ్డు మీద పందేలు తోలితే మిల్లులో బండి తీసేస్తారు."

"దున్నిన మట్టిలో అయితే ఎవరైనా గెలుస్తారు లే. రోడ్డు మీద తోలేదానికి దమ్ముండాల."

అతను ముక్కుతాడు అందుకుని ముందుకు అడుగేశాడు. బండిలోంచి భార్య అంది: "పోదాం పా. ఆయప్పకు ఏం పని లేదు, మనకుంది."

నాకు కావలసింది దొరికింది. "ఓహో! ఆమెను అడిగి తోలుతావా బండి? అయితే కూలి డబ్బులు కూడా ఆమె చేతికే ఇయ్యమని మిల్లులో సెప్తాలే. పగ్గాలు ఆమెకిచ్చి నువ్వు లోపల కూర్చో. కావాలంటే గాజులు కూడా తీసుకో."

హోటలంతా గొల్లుమంది. కాఫీ పోసే అతను కూడా గ్లాసు కింద పెట్టి నవ్వాడు. అతని ముఖం నల్లబడింది. భార్య వద్దు వద్దంటూనే ఉంది. అతను ఆమె వైపు చూడకుండా బండెక్కి పగ్గాలు అందుకున్నాడు. ఆమె దిగేదాకా కూడా నేను ఆగలేదు. అరిచి నా ఎద్దులను వదిలాను.

మొదట అతనే ముందున్నాడు. ఆ ఎద్దులు అలాంటివి. నేను వెనకనుంచి చూస్తున్నాను. కాసేపటికి ఎడమ ఎద్దు నడక మారింది. కాలు కింద పెట్టడానికి జంకుతోంది. తెల్లని రాళ్ల మీద ఎర్రటి మచ్చలు పడుతున్నాయి. అవి నా బండి చక్రాల కిందికి వస్తున్నాయి. నాకు అప్పుడు కలిగింది జాలి కాదు. ఇంకొంచెం అనుకున్నాను.

"ఉరికించప్పా! ఏడి నీ బారప్పా?" అని అరిచాను.

అప్పుడు అతను కర్ర ఎత్తాడు. ఆ ఎద్దులను అతను కొట్టగా నేను చూసింది అదొక్కసారే.

ముందు చిన్న కల్వర్టు ఉంది. దాని దగ్గర రోడ్డు పల్లానికి దిగి ఇరుకవుతుంది. అవతలి నుంచి పశువుల మేతకు వేరుశనగ కట్టె వేసుకుని ఒక బండి వస్తోంది. మైదానంలో అయితే ఎదురుబండి ఉండదు. అతను పగ్గాలు బిగించి పక్కకు లాగాడు. కంకరకు పగిలిన గిట్ట రాయి మీద జారింది. ఎడమ ఎద్దు ముందుకాలు కల్వర్టు గోడకూ చక్రానికీ మధ్య ఇరుక్కుంది. ఎండు కొమ్మ విరిగిన శబ్దం వచ్చింది. ఆమె బండిలోంచి కంకర కుప్ప మీద పడింది. ఎదురుబండి కల్వర్టు అవతలే ఆగిపోయింది, నేను వాళ్ల పక్కనుంచి నా బండి దూర్చుకుని ముందుకు పోయాను. ఆగలేదు. మిల్లు గేటు దాకా తోలాను. నేను గెలవడం చూసింది గేటు కావలివాడు ఒక్కడే.

అక్కణ్ణించి బండి తిప్పుకుని వెనక్కి వచ్చాను. సాయం చేయడానికని ఎవరైనా అనుకుంటారేమో. ఓడిపోయానని అతని నోటితో అనిపించుకోవడానికి వచ్చాను. అతను రోడ్డు మీద కూర్చుని ఎద్దు తలను ఒళ్లో పెట్టుకున్నాడు. దాని కన్ను చేత్తో కప్పాడు. ఆమె మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది, కొంగుతో అదిమి పట్టుకుంది.

"ఎవరు గెలిచిరి? సెప్పు," అన్నాను.

"నువ్వే గెలిచినావప్పా," అన్నాడు. తల ఎత్తలేదు. "పో ఇంక."

ఆ ఎద్దు పొద్దు మునిగేలోపే పోయిందని తరువాత విన్నాను.

కథ అంతటితో అయిపోయి ఉంటే నా తప్పు కుర్రతనంలో కలిసిపోయేదేమో. అతను మూడో రోజు మిల్లుకు వచ్చాడు. బావమరిది ఒక ఎద్దును అరువిచ్చాడట. మిగిలినదానితో దాన్ని జత కట్టి, బండి తోలుకుని వచ్చాడు. వెంట భార్య ఉంది, చేతికి గుడ్డ కట్టుకుని. ఇంకా అతనికి బతుకు ఉంది, ఆ మిల్లు బేళ్లు దక్కితే. కానీ కావలివాడు పందెం సంగతి గుమాస్తాకు చెప్పేశాడు. అంతకుముందు ఏడాది ఇద్దరు బండివాళ్లు స్టేషనుకు పోటీపడి తోలి బేళ్లను గుంతలో పడేశారు. అప్పటినుంచి ఆ మిల్లులో ఆ నియమం గట్టిగా ఉండేది.

ఆ రోజు మా పత్తి బండ్లతో నేనూ అక్కడే ఉన్నాను. గుమాస్తా అతన్ని నిలబెట్టి అడిగాడు.

"నేనుగా తోలలేదు సామీ," అన్నాడతను. "ఆయప్ప మాటలు పడలేక తోలినాను. తప్పే. ఆయప్పనే అడుగు, ఆడనే ఉండాడు."

గుమాస్తా నా వైపు తిరిగాడు. మా పత్తి ఏటా ఆ మిల్లుకే వచ్చేది కాబట్టి ఎంతో మర్యాదగా అడిగాడు. "ఏమప్పా, ముందు పందెమనింది ఎవరు?"

నేను అన్నానని చెబితే ఆ మాట సాయంత్రానికి మా నాయన చెవిన పడుతుంది. రోడ్డు మీద ఎద్దులను ఉరికించినవాణ్ణి ఆయన దొడ్డి ఛాయలకు రానిచ్చే మనిషి కాదు. నాకు పోయేది అంతే. నాలుగు రోజుల తిట్లు.

"ఆయప్పే," అన్నాను. "నేను వద్దనే అంటి. జాతరలో గెలిచిన పొగరు, వినలేదు."

ఆమె నోరు తెరిచింది. అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి, "వద్దు, పా," అన్నాడు. నా ముఖంలోకి మాత్రం చూశాడు. కోపంగా కాదు. బేరంలో చూసిన ఎద్దుకు లోపల ఏదో జబ్బుందని కనిపెట్టినవాడు ఇంక బేరమాడకుండా ఎలా చూసి పోతాడో, అలా చూశాడు. బండి తిప్పుకుని, కొత్త ఎద్దు కాడికి అలవాటుపడక పక్కకు లాగుతుంటే సర్దుకుంటూ, గేటు దాటి వెళ్లిపోయాడు. ఆదోనిలో మళ్లీ కనబడలేదు. కౌతాళం వైపు పోయి వెతకడానికి నాకు దారి తెలియక కాదు.

అతను పోగానే గుమాస్తా చేతులు దులుపుకుని అన్నాడు: "బేళ్లు ఆగిపోతాయి కదా. మీ బండి ఒకటి పెట్టగూడదా అప్పా ఈ సీజనుకు?"

పెట్టాను. ఆ సీజనంతా అతను తోలవలసిన బేళ్లను నా ఎద్దులే తోలాయి.