పార్సిల్ ఆఫీసు కాటా మీద అమ్మ

మోకాళ్ల నొప్పులని రైల్వే ఆసుపత్రికి వెళితే డాక్టరు అమ్మకు మందు రాయలేదు. "ముందు బరువు తగ్గండి, ఆ తర్వాత చూద్దాం" అన్నాడు. ఎనభైల నాటి మాట. డిగ్రీ పరీక్షలు రాసేసి, బిలాస్‌పూర్‌లో మా క్వార్టర్లో ఖాళీగా ఉన్నాను. అమ్మ బరువు తగ్గించే పని నేను నెత్తికెత్తుకున్నాను.

ఇంట్లో బరువు చూసే మిషను ఎక్కడిది? స్టేషన్లో పార్సిల్ ఆఫీసు కాటా ఉంది. అక్కడి క్లర్కు మా పక్క క్వార్టర్లోనే ఉండేవాడు, నాకు బాబాయి వరస. ఆదివారం పొద్దున్న రద్దీ ఉండదు, తీసుకురమ్మన్నాడు. తీరా వెళితే కాటా చుట్టూ చేపల బుట్టలు. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏటే గుంటా, నన్ను చేపల పక్కన తూయిస్తావేటి?"

"ఎక్కు వదినా, రసీదు రాయన్లే" అన్నాడు బాబాయి.

ఎక్కింది. డెబ్బై ఎనిమిది.

ఇంటికొచ్చి వారం వంటంతా ముందే అనుకున్నాం. పొద్దున్న రెండు రొట్టెలు, మధ్యాహ్నం నాతోపాటు కొలిచిన గిన్నెడు అన్నం, ఆకుకూర, పలచటి మజ్జిగ. సాయంత్రం పకోడీలు బంద్. ఎండ రాకముందే లాల్‌ఖదాన్ వైపు నడక. ఆదివారం తూకం, వంటింటి క్యాలెండరు గడిలో పెన్సిల్‌తో అంకె.

అంకె మాత్రం కదల్లేదు. కొన్ని వారాలు పోయాక ఏకంగా కిలో పెరిగింది. "కాటాయే తప్పు" అంది అమ్మ. బాబాయి మొహం ముడుచుకున్నాడు.

నాన్న గూడ్సు రైలు గార్డు. ఎప్పుడు డ్యూటీకి పిలుస్తారో, ఎప్పుడు దిగుతాడో ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఉక్కకు మెలకువ వచ్చి వంటింట్లోకి వెళ్లాను. నాన్న అప్పుడే వచ్చి భోంచేస్తున్నాడు. ఎదురుగా అమ్మ, ఆమె కంచంలోనూ అన్నం, పప్పు, ఆవకాయ.

"అమ్మా! ఇందాక నాతో తిన్నావు కదా!"

నాన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. "తినేసావేటి?"

"తిన్నాను. మీరొక్కరూ కూకోని తింతంటే చూస్తా ఎలాగుంటాను? పెళ్లయిన కాడి నుంచీ ఇంతే కదా. ఇదీ లెక్కలోకొస్తాదని నాకు తోచనేదు."

"అచ్ఛా! నాకోసం పస్తుంటన్నావనుకోని, టీ కూడా తాగకుండా పరిగెట్టుకొస్తన్నానే నాను, ఇన్నేళ్లూ!"

అమ్మకు ముందు సిగ్గు, తర్వాత నవ్వు వచ్చాయి. నవ్వి నవ్వి పొలమారింది. నాన్నే మంచినీళ్లు అందించాడు.

"తోడుకి తిండెందుకే? మాటలు చాలవేటి?" అన్నాడు.

అప్పుడు ప్రణాళిక మార్చాం. నాన్న ఎప్పుడొచ్చినా అమ్మ పక్కన కూర్చుంటుంది, కంచంలో మాత్రం కీరా ముక్కలే. మొదట్లో ఆవకాయ వాసనకు ఆమె చెయ్యి ఆగేది కాదు. దారిలో ఏ స్టేషన్లో బండి ఎంతసేపు నిలిచిందో, ఇంజను డ్రైవరు ఏమని విసుక్కున్నాడో నాన్న చెప్పడం మొదలుపెట్టాక ఆవకాయ సంగతి మరిచిపోయేది.

ఆ వారం నుంచి ముల్లు కిందికి దిగింది. లింగియాడీహ్‌లో ఎవరిదో పెళ్లి భోజనం తిన్న వారం మాత్రం "ఇయ్యాల తూకం ఒద్దులే" అని అమ్మ మంచం దిగలేదు. బలవంతంగా తీసుకెళ్లాను. పెరిగిన అంకె కూడా రాశాను. పొయ్యి వెలిగించేటప్పుడల్లా క్యాలెండర్లో దాన్ని చూసి మూతి తిప్పుకునేది గానీ, నడక మాత్రం మానలేదు.

చలికాలం వచ్చేసరికి ఎనిమిది కిలోలు తగ్గింది. రైల్వే వంతెన మెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కేసి, పైన నా కోసం ఆగింది. నాకే ఆయాసం వచ్చింది. ఆ ఉత్సాహంలో ఆదివారం నాన్నను కూడా కాటా ఎక్కించింది. ముల్లు ఎనభై దాటి ఊగుతుంటే, "సోమారం నుంచి మీకూ రొట్టెలే" అంది.

సోమవారం తెల్లారకముందే గూడ్సుకి పిలుపొచ్చింది. ఏ రోజూ లేనంత హుషారుగా నాన్న డ్యూటీకి బయల్దేరాడు.