సమ్మక్క కాగు

నా మొగుడి మొదటి పెళ్ళాం సమ్మక్కను నేను ఒక్కసారి కూడా చూడలేదు. నేను తర్లగూడకు కాపురానికి వచ్చేనాటికి ఆమె పోయి రెండేళ్ళయింది. అయినా ఆమె ముక్కు ఎలా ఉండేదో, నడక ఎలా ఉండేదో నాకు తెలుసు. ఊరంతా కూర్చోబెట్టి చెప్పింది మరి. అన్నిటికంటే బాగా తెలిసింది ఆమె కాగు. స్నానానికి నీళ్ళు కాచుకునే పెద్ద రాగి కాగు. పెరట్లో నీళ్ళపొయ్యి మీద, ఇల్లంతా తనదే అన్నట్టు కూర్చుని ఉండేది. సమ్మక్క పుట్టింటివాళ్ళు సిరొంచ నుంచి బండి మీద పంపారట. మా పుట్టింటివాళ్ళు నాకు ఇచ్చింది రెండు మట్టికుండలు.

నా మొగుడు రామనర్సయ్య తెప్పలు తోలేవాడు. బస్తర్ సంస్థానం అడవుల్లో కొట్టిన టేకు దుంగలను వెదురుతో కలిపి కట్టి, వాటి మీద నిలబడి గోదావరిలో భద్రాచలం దాకా తీసుకుపోయేవాడు. చలికాలమంతా నీళ్ళలో నానే మనిషి. ఇంటికి రాగానే అన్నం కంటే ముందు వేడినీళ్ళు కావాలి. వీపు మీద వేణ్ణీళ్ళు పడితేగానీ నోరు విప్పేవాడు కాదు. నేను కోరుకున్నది ఒక్కటే. ఒక్క రోజైనా "రామక్కా, నీళ్ళు బాగున్నయే" అనాలి. ఆ మాటలో సమ్మక్క ఉండకూడదు.

ఎక్కడ! "రాత్రి నీళ్ళు కాగుల ఉంచకే. సమ్మక్కయితే బోర్లిచ్చి ఆరబెట్టేది." "బాయినీళ్ళు పొయ్యకు, గార పడతది. సమ్మక్క వాగునీళ్ళే పోసేది." "ఇనుప గంటెతోని గీకుతరా ఎవరన్న? చింతపండు పెట్టి రుద్దాలె. సమ్మక్కయితే..." నేను పిడికెడు చింతపండు పట్టుకుని, కాగులోకి తల దూర్చి, లోపల తెల్లగా పేరుకున్న గారను రుద్దుతూ సమ్మక్కను తిట్టని తిట్టు లేదు. కాగులో తిడితే నా గొంతు నాకే గంభీరంగా వినబడేది. అదొక్కటే సుఖం.

పూత మాత్రం నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. మంట రాగిని తినేయకుండా కాగు అడుగున బంకమట్టి, బూడిద కలిపి పూస్తారు. ఏ ఇంట్లోనైనా అది ఆడవాళ్ళ పని. మా ఇంట్లో నర్సయ్యే గొంతుక్కూర్చుని పూసేవాడు, అరచేత్తో, మెల్లగా, పసిబిడ్డకు నూనె రాసినట్టు. పాత పూత రాలనిచ్చేవాడు కాదు, దాని మీదే కొత్తది. నా జడ ఏనాడూ ముట్టని చెయ్యి అది! చూస్తుంటే నాకు కడుపు రగిలిపోయేది. చచ్చిపోయి కూడా ఆ మనిషి చేత సేవలు చేయించుకుంటోంది, మహాతల్లి.

ఆ ఏడు పుష్యమాసంలో అతను తెప్ప మీద పోయాడు. పోతూ పోతూ, "పూత మందంగ ఏసిన, నేనొచ్చేదాక ఆగుతది. నువ్వు ముట్టకు," అన్నాడు. నువ్వు ముట్టకు! నాకు ఒళ్ళు మండింది. సమ్మక్క చేతిలో ఈ కాగు ఏనాడైనా బయట మెరిసిందా? నా చేతిలో మెరుస్తుంది, చూసి నోరు మూసుకుంటాడు అనుకున్నాను. కాగును బోర్లించి, నీళ్ళు చల్లి నానబెట్టి, ఏళ్ళనాటి మట్టిని పెళ్ళలు పెళ్ళలుగా ఊడదీశాను. చింతపండు, ఇసుక పెట్టి తోమాను. రాగి ఎర్రగా బయటపడింది. దాంతోపాటే అడుగున ఒక పక్కగా, అరచేయంత రేకు ఒకటి బయటపడింది. మాటు! చిల్లి పడితే కంచరివాళ్ళు వేసే మాటు!

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కాగును మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించి, లోపలి గార కూడా వదిలిద్దామని రెండు చెంబుల చింతపండు నీళ్ళు పోసి, మంట రాజేసి, పక్కింటి ఆయతి దగ్గరికి పరుగెత్తాను. ఆయతి దొర్ల తెగ ముసలమ్మ. ఊళ్ళో సమ్మక్కను అందరికంటే ఎక్కువ పొగిడేది ఆవిడే.

"అత్తా, కాగు అడుగున ఆ మాటు ఏంది?"

ఆయతి చేతిలో చేట కింద పెట్టేసింది. "పూత తీసినవా? ఎందుకు తీసినవే పిల్లా!" అని కాసేపు నసిగి, చివరికి చెప్పింది. "ఒకపారి కాగు పొయ్యి మీద పెట్టి ముచ్చట్లల్ల పడ్డది. నీళ్ళన్నీ ఇంకిపోయి అడుగు మాడి బొక్క పడ్డది."

"ఎవరు, సమ్మక్కనా?"

"ఆఁ, సమ్మక్కనే. దినమంత ఏడ్సింది. నర్సయ్యనే కంచరోనితోని మాటు ఏపిచ్చిండు. పైన మట్టి పూసి, ఎవరికి చెప్పద్దని నాతోని ఒట్టు ఏపిచ్చుకున్నడు."

నా సంతోషం ఆ చివరి మాటతో చప్పున చచ్చింది. ఇన్నేళ్ళూ అతను ఆమె పరువుకు మట్టి పూస్తూ వచ్చాడన్నమాట! నా కూరలో ఉప్పెక్కువైతే నలుగురిలో చెప్పి నవ్వే మనిషి, ఆమె తప్పును చేతులారా కప్పాడు, ఆమె పోయాక కూడా! "ఆమెకేనా మొగుడు, నాకు కాడా?" అని ఆయతి మీద పడ్డాను. ఆవిడ ఒకటంటే నేను రెండన్నాను. ఆ కోపంలో పొయ్యి సంగతే మరిచాను.

మాడు వాసన ఆయతికే ముందు తగిలింది. "నీ ఇంట్లకెల్లే వస్తంది, ఉరుకు!" అని అరిచింది.

వెళ్ళేసరికి కాగులో చుక్క నీరు లేదు. పూత లేని అడుగు ఎర్రగా కాలిపోయి ఉంది. చేతికందిన బిందె ఎత్తి చన్నీళ్ళు కుమ్మరించాను. ఠప్పుమంది. నీళ్ళన్నీ పొయ్యిలోకి కారిపోయాయి. పాత మాటు పక్కనే వేలు దూరేంత పగులు. సమ్మక్క మాటు మాత్రం చెక్కు చెదరలేదు, చూడండి నా ఖర్మ!

అంగడి రోజున కంచరి దేవా వచ్చాడు. కూలికి బుట్టెడు ఎండు ఇప్పపువ్వు తీసుకుని, రేకు కోసి మాటు వేశాడు. "పక్కది మా నాయిన ఏసిందే. ఎంత మంచిగ నిలవడ్డదో!" అని మురిసిపోయాడు. అతన్ని కూడా నమిలి మింగాలనిపించింది.

నేనే మట్టి పూసి కప్పేయవచ్చు. బంకమట్టిలో బూడిద కలిపి ముద్ద చేశాను కూడా. కానీ పూయలేదు. ఆమె తప్పు దాచడానికి మొగుడున్నాడు, నాది నేనే దాచుకోవాలా? వచ్చి చూడనీ, ఏం చేస్తాడో నేనూ చూస్తాను అనుకున్నాను. మట్టిముద్దను తడిగోనెలో చుట్టి ఉంచాను. కాగును బోర్లించి, అమ్మలక్కల కంట పడకుండా తడిక అడ్డం పెట్టాను.

రెండు రోజులకు, పొద్దు వాలే వేళ, నర్సయ్య వచ్చాడు. పెదాలు నల్లబడి, చేతులు పగిలి ఉన్నాయి. "నీళ్ళు పెట్టు," అంటూ నేరుగా పెరట్లోకి నడిచాడు. నేను తడిక తీసి పక్కన నిలబడ్డాను. సమ్మక్క పేరెత్తితే ఆ కాగు అతని నెత్తినే బోర్లిద్దామనుకున్నాను.

వంగి చూశాడు. వేలితో నా మాటు అంచు తడిమాడు.

"మాడ్చినవా?"

"మాడ్చిన. నీ సమ్మక్క లెక్కనే."

తిట్టలేదు, నవ్వలేదు. "ఎవరన్న చూసిండ్రా?" అన్నాడు.

"ఆయతత్త, కంచరి దేవా."

"ఆయతికి నే చెప్త. దేవా ఎవరికి చెప్పడు," అంటూ, చలికి వణుకుతూనే గొంతుక్కూర్చుని, గోనె విప్పి మట్టిముద్ద అందుకున్నాడు. నేను అతని చేతినే చూస్తున్నాను. ముందు పోయింది పాత మాటు మీదికే. అలవాటైన చెయ్యి, ఇంకెటు పోతుంది! తర్వాత నా దాని మీదికి వచ్చాడు. అరచేత్తో, మెల్లగా, ఒక పొర పూశాడు. కాసిన్ని నీళ్ళు చిలకరించి మరో పొర. దాని మీద ఇంకో పొర.

"కొత్తది గదా, మందంగ ఉండాలె," అన్నాడు.

ఆమె దాని మీద ఒక్క పొరే పూశాడు. నేను చూశాను. అప్పుడు బిందె చంకన పెట్టుకుని, అతని స్నానానికి నీళ్ళు తేవడానికి వాగుకు పోయాను.