దుప్పట్లు మడిచే చోట చదువు

మా మేనత్త ఈ వయసులో డిగ్రీలో చేరింది సూపర్‌వైజర్ కుర్చీ కోసమేనని ఆసుపత్రి లాండ్రీలో అందరూ అంటారు.

"కళ్లజోడు పెట్టుకుని ఓనమాలా, వదినా?" అంది ఇస్త్రీ చేసే ఆవిడ.

"నీ నోటికి ఇస్త్రీ చేయడం నేర్చుకుందామని," అంది అత్త.

నేను తొమ్మిదిలోనే బడి మానేసి అత్తతో పనికొస్తున్నాను. డిగ్రీలో చేరేముందు అత్త నన్నొక్కటే అడిగింది.

"బళ్లో నీకు ఏ పాఠం ఇష్టమే?"

గుండె గురించిన పాఠమని గొణిగాను. అత్త జీవశాస్త్రం తీసుకుంది.

చెరో కొసా పట్టుకుని దుప్పట్లు మడుస్తూ, దగ్గరకొచ్చినప్పుడల్లా పాఠంలో ఒక ముక్క చెబుతుంది. తరవాతి దుప్పటికి నేనది తిరిగి చెప్పాలి. తప్పితే మడత విప్పేస్తుంది.

ఆమధ్య సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయితే అత్త అడగనే లేదు. ఆవిడ చలవ వల్ల ఈ ఏడు నేను పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాస్తున్నాను.