శ్రీశైలంలో వదిలిన పండ్లు

పోయిన వారం శ్రీశైలంలో రోప్‌వే ఎక్కేటప్పుడు, కట్టుడు పళ్లు కృష్ణలో పడతాయేమోనన్న భయంతో తీసి జేబులో పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఫొటో తీసింది. ఈ ఉదయం దాన్ని ఇంటివాళ్ల గ్రూపులో పెట్టబోయి, కర్నూలులో నేను డ్రాఫ్టులు రాసే వకీలు ఆఫీసు గ్రూపులో పెట్టేశాను. ఆరేళ్లుగా అక్కడ ఎవరికీ తెలియకుండా దాచిన బోసినోరు అది.

నేను వెళ్లేసరికి పెద్ద గుమాస్తా రంగారెడ్డి కాచుకుని ఉన్నాడు. పదేళ్లుగా నా డ్రాఫ్టుల్లో అక్షరదోషాలు వెతికి, ఒక్కటీ దొరక్క కుమిలిపోతున్న మనిషి.

"ఏమప్పా, కాశీకి పోయినోళ్లు ఒక్క పండు వదిలేసి వస్తారు. నువ్వు శ్రీశైలంలో ముప్పై రెండు పండ్లూ వదిలేసి వచ్చినావే!"

మా సీమలో నోట్లో పళ్లను కూడా పండ్లనే అంటాం. ఆఫీసంతా విరగబడి నవ్వింది. వాడి నోట అంత మంచి మాట వచ్చిందని ఒప్పుకోవడం కష్టమే గానీ, నేనూ నవ్వాను. సాయంత్రం టీతో నేను కొరకలేని గట్టి చెక్కల్లాంటి నిప్పట్లు వచ్చినప్పుడు, డాక్టరు నూనె వద్దన్నాడని ఎప్పటిలా అబద్ధమాడే పని తప్పింది. అందరి ముందే టీలో నానబెట్టుకుని హాయిగా మూడు తిన్నాను.

ఇంటికి బయల్దేరుతుంటే రంగారెడ్డి మెట్ల దగ్గర ఆపి, గొంతు తగ్గించాడు.

"అవి యాడ కట్టించినావప్పా? నాకు ముందరివి మూడు ఊగుతాండాయి."

"చెప్తాలే. ముందు నోరు తెరిచి దిగిన ఫొటో ఒకటి గ్రూపులో పెట్టు" అన్నాను.

ఇంకా పెట్టలేదు. జాలిపడి చెప్పేయమంటారా, ఫొటో వచ్చేదాకా ఆగమంటారా?