ఎనిమిది చుక్కల తర్వాత

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలం కాదు, మా మానుకోటలో పాలు పోసే అవ్వ చేతిలో కూడా ఫోను ఉండి, తంతి కొట్టే విద్య లోకంలోంచే లేచిపోయాక, నాకు సరిగ్గా ఆ విద్యే కావాలనిపించింది. డిగ్రీ చదువుతూ ఇంట్లోంచే రేడియోలో లోకంతో మాట్లాడే హామ్ రేడియో పిచ్చిలో పడ్డాను. పొట్టి దెబ్బ చుక్క, పొడుగు దెబ్బ గీతగా అక్షరాలు పంపే మోర్స్ పరీక్ష నెగ్గితే పెద్ద లైసెన్సు ఇస్తారట. మా చుట్టుపక్కల అది ఉన్న ఆడపిల్ల లేదని ఎవరో అన్నారు (నిజమో కాదో నేను కనుక్కోలేదు, నా గర్వానికి ఎక్కడ అడ్డం వస్తుందోనని). ప్రతి ఆదివారం రైలెక్కి జనగామ వెళ్లి, తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర నేర్చుకునేదాన్ని. అందరూ ఆయన్ని టక్‌టక్ సార్ అనేవాళ్లు. ముప్పై ఏళ్లు ఆయన చేతి కింద నలిగిన, తంతి కొట్టే ఇత్తడి మీటను, ఇంటి దగ్గర సాధన చేసుకొమ్మని నాకు ఇచ్చారు.

నా చెయ్యి మహా వేగం. ఆ వేగంలో ఒక అక్షరానికి బదులు ఇంకో అక్షరం పడితే, ఎవరూ గమనించరులే అని దాని మీదుగా దూకి పోయేదాన్ని. సార్ కళ్లు మూసుకుని వింటూనే పట్టేసేవారు. "తప్పు కొడితే ఎనిమిది చుక్కలు కొట్టాలె బిడ్డా. ఎన్కకు వచ్చి, ఆఖరుకు సరిగ్గ పోయిన మాటను మల్ల కొట్టాలె. ఆడికెళ్లి సక్కగ నడువాలె. పరీక్షల దిద్దుకున్న తప్పును ఇడిసిపెడ్తరు, దాసిన తప్పుకు మార్కులు కోస్తరు" అనేవారు. నేను తలూపి మళ్లీ దూకేదాన్ని. ఎనిమిది చుక్కలంటే నలుగురిలో ముక్కు నేలకు రాసినట్టుండేది నాకు.

ఆ గుణం ఊరికే రాలేదు. మా బాపుకు బజారులో బట్టల దుకాణం. ఐదు మీటర్లు అడిగిన మనిషికి పొరపాటున నాలుగు చింపి, "నీ ఒడ్డుపొడుగుకు నాలుగు సాలు" అని ఒప్పించి పంపగల మనిషి ఆయన. తప్పయిందన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. అన్నం తింటూ నేను ఎనిమిది చుక్కల సంగతి అమ్మకు వివరిస్తుంటే, "తప్పయితే గంత సప్పుడెందుకు? ఊకుంటే అయిపాయె" అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా.

పరీక్షకు పది రోజులుందనగా కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంట్లో కొత్త బిందె తళతళలాడుతోంది. పాత ఇత్తడి సామానంతా ఇచ్చి బాపు మార్పించాడని అమ్మ చెప్పింది. బల్ల మీద సార్ ఇచ్చిన మీట లేదు. దుకాణానికి పరుగెత్తి అడిగితే, "బిడ్డా, నేను సూడలే. నువ్వే యాడనో పెట్టి మరిశినవ్" అన్నాడు బాపు, బట్ట మడతపెడుతూ. అప్పటికే అది ఇత్తడి పోతపోసే ఏ పెంబర్తికో చేరి ఏ దీపపు కుందిగా మారిందో. ఏడుస్తూ సార్‌తో చెప్పాను. ఆయన మెల్లగా, "ముందుగాల పరీక్ష అయితే కానియ్యి" అన్నారు. నాకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. చెక్క మీద రంపపు బ్లేడు ముక్క బిగించి సాధన చేశాను. (అది ఒక్కో చుక్కకు ఎగిరిపడేది. దాన్ని లొంగదీయడానికి పిడికిలి బిగించి కొట్టేదాన్ని.)

హైదరాబాదులో పరీక్ష మీట వెన్నలా మెత్తగా ఉంది. నా మొరటు చెయ్యి మూడో మాటలోనే తడబడింది. దూకుదామనుకున్నాను. ఎదుట పరీక్షాధికారి, మనసులో కళ్లు మూసుకున్న సార్. ఆగి, చుక్కలు కొట్టాను. కంగారులో ఎనిమిది కాస్తా పదకొండు అయ్యాయి. పరీక్షాధికారి మీసం కింద నవ్వు ఆపుకోవడం కనపడింది. వెనక్కి వెళ్లి, సరిగ్గా పోయిన మాటను మళ్లీ పంపి, ముందుకు నడిచాను. ఇంకో రెండుసార్లు అలాగే దిద్దుకున్నాను. నెగ్గాను. నా జన్మలో అంత గర్వంగా తప్పులు చేసింది ఆ రోజే.

ఫలితం తెలియగానే దుకాణానికి వెళ్లాను. గిరాకీ నిండుగా ఉంది. బాపు నా ముఖం చూశాడు, చేతిలో ఉన్న, బట్ట కొలిచే ఇనుప మీటరు కడ్డీతో బల్ల మీద టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. కొనేవాళ్లంతా తిరిగి చూశారు. నేను లెక్కపెట్టాను, తొమ్మిది కొట్టాడు (మొదటిసారి కదా, చెయ్యి ఆగినట్టు లేదు). అప్పుడు అన్నాడు, "బిడ్డా, నేనే ఇచ్చిన. పాత తాళం ముక్క అనుకున్న." మీట పోయిన రోజు ఆయన చెప్పినదాంట్లో సరిగ్గా పోయిన మాట 'బిడ్డా' అన్నదొక్కటే. సరిగ్గా దాని దగ్గరికే వెనక్కి వచ్చాడు. ఆ ఆదివారం నాతో పాటు రైలెక్కి జనగామ వచ్చి సార్‌కూ చెప్పుకున్నాడు.

ఇప్పుడు నేను భూపాలపల్లి దగ్గర ఒక బడిలో సైన్సు చెబుతున్నాను. బోర్డు మీద తప్పు రాస్తే బల్ల మీద ఎనిమిది సార్లు కొట్టి దిద్దుతాను, పిల్లలు గట్టిగా లెక్కపెడతారు. మొన్న తండా నుంచి వచ్చే ఒక పిల్ల, "గిది నీకు ఎవలు నేర్పిండ్రు టీచర్" అని అడిగింది. "మా సార్" అన్నాను. తర్వాత చాక్‌పీసుతో ఎనిమిది సార్లు కొట్టి, "మా బాపు" అన్నాను.